ముగ్గురికి ఒకే గుండె

కిందటి వారం ఆమెను మనం ఆసుపత్రి మూడో అంతస్తులో, రికార్డుల గది గుమ్మంలో వదిలి వచ్చాం. ఆరేళ్ల కిందట అదే గుమ్మంలోంచి ఆమెను బయటికి పంపించారు. అప్పుడామె ఇక్కడ నర్సు. మోకాళ్ల నొప్పులకు కొత్తగా తయారైన ఒక మందును మనుషుల మీద పరీక్షిస్తున్నారు. ఆ పేషెంట్ల బాగోగులన్నీ ఆమె చేతిమీదుగా జరిగేవి. నాడి పట్టుకుంటే నిమిషం నిండేదాకా వదలదని అందరూ 'గడియారం సిస్టర్' అనేవారు. పరీక్షకు మనుషులు చాలడం లేదు, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే చూడమని పెద్ద డాక్టరు వెంటపడితే, తనను పెంచి పెద్దచేసిన చిన్నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నాలుగోసారి వచ్చి చూపించుకుని వెళ్లిన పదకొండో రోజు పొద్దున, పళ్లు తోముకుంటూ చిన్నాన్న కుప్పకూలిపోయాడు. గుండె లయ తప్పిందన్నారు. ఆ నాలుగోసారి ఈసీజీ మిషను పాడైందని, అసలు ఈసీజీయే తియ్యలేదని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఫైల్లో మాత్రం కడిగిన ముత్యంలాంటి ఈసీజీ కాగితం ఉంది. దాని కింద ఆమె పొడి అక్షరాలున్నాయి. మిషను పాడైందని ఆమె రాసుకున్న పేజీ ఎలా మాయమైందో మాయమైంది. "బంధువు కదా, కంగారులో దొంగ కాగితం పెట్టేసి ఉంటుంది. నేను నమ్మి వదిలేశాను" అన్నాడు పెద్ద డాక్టరు. ఉద్యోగం పోయింది. పిన్ని మొహం మీదే తలుపేసింది.

ఆ తలుపు చప్పుడు చెవిలో మోగుతుండగానే ఆరేళ్లు చదివింది. పెళ్లితో మారిన ఇంటిపేరు వెనక నిలబడి, ఇప్పుడు మందుల పరీక్షల రికార్డులు నిజమో కాదో తేల్చే ఆడిటరుగా తిరిగొచ్చింది. అదే మందు. అదే డాక్టరు. ఇది చివరి దశ పరీక్ష. ఇది గట్టెక్కితే మందు దుకాణాల్లోకి వస్తుంది.

ఇక ఈ వారం సంగతి.

పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఆమె బల్ల మీద అరవై ఫైళ్లు పేర్చి ఉన్నాయి. వాటిని తెచ్చి పెట్టింది కోఆర్డినేటరు. ముప్పై అయిదేళ్ల మనిషి. ఒకప్పుడు గడియారం సిస్టర్ చేసిన పనే ఇప్పుడీమె చేస్తోంది. కూర్చోమన్నా కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అన్నీ ఉన్నాయండీ మేడమ్. ఒక్క కాగితం కూడా తక్కువ లేదు."

"తక్కువ ఉంటే నయమమ్మా," అంది ఆడిటరు కళ్లజోడు తుడుచుకుంటూ. "మనుషులతో పనిచేస్తే ఎక్కడో ఒకచోట తక్కువవుతుంది."

కోఆర్డినేటరుకు ఆ మాట అర్థమైంది. అర్థం కానట్టు నవ్వింది.

ఆడిటరు మొదట నొప్పి డైరీలు తీసింది. పేషెంటు ఇంట్లో కూర్చుని, రోజూ పడుకోబోయే ముందు ఇవాళ నొప్పి ఎంత అని సున్నా నుంచి పదిలోపు అంకె వేసుకునే చిన్న పుస్తకాలవి. మూడు నెలలు ఇంట్లో తిరిగిన పుస్తకం ఎలా ఉండాలి? టీ గ్లాసు గుండ్రం పడాలి. మనవడు బొమ్మ గియ్యాలి. అట్ట మడత పడి, మూల నలిగి ఉండాలి. ఇవి నిన్న ప్రెస్సు నుంచి వచ్చినట్టున్నాయి. పదిహేను పుస్తకాల్లో ఏడు అంకె మీద ఒకే రకం అడ్డగీత ఉంది. పదిహేనుమంది ముసలివాళ్లు ఒకే పంతులు దగ్గర ఓనమాలు దిద్దుకున్నారనుకోవాలి.

బీపీ కాగితాలు ఇంకా ముచ్చటగా ఉన్నాయి. ఎనిమిది నెలల అంకెలు ఒకే పెన్నుతో, ఒకే నీలంతో రాసి ఉన్నాయి. ఒక్కరి రక్తపోటైనా బేసి అంకెతో ముగియలేదు. మే నెలలో ఈ అంతస్తుకు రంగులు వేయడానికి నాలుగు రోజులు మూసేశామని కింద నోటీసు బోర్డులో ఇంకా అంటించే ఉంది. ఆ నాలుగు రోజుల్లో ఇక్కడ తొమ్మిదిమందికి బీపీ చూశారట.

అనుమానం వచ్చిన ప్రతి కాగితాన్నీ జిరాక్సు తీయించింది. ఆ నకళ్ల మీద 'ట్రూ కాపీ' అని రాసి పెద్ద డాక్టరు సంతకం పెట్టాలన్నది రూలు. కోఆర్డినేటరు కట్ట పట్టుకుని ఆయన గదికి వెళ్లడం, అయిదు నిమిషాల్లో సంతకాలతో తిరిగి రావడం, మధ్యాహ్నంలోపు మూడుసార్లు జరిగింది.

పన్నెండు గంటలకు ఆమె ఈసీజీలు తీసింది.

ఈ రోజును ఎన్నిసార్లు మనసులో నడిపి చూసుకుందో, అన్నిసార్లూ ఇక్కడికి రాగానే గుండె ఇలాగే కొట్టుకుంది. ఆరేళ్ల కిందటి ఫైలు కూడా కావాలని ముందే ఉత్తరంలో రాయించింది. మందు ఒకటే కాబట్టి పాత పరీక్ష ఫైళ్లు చూసే హక్కు ఆడిటరుకుంది. కింది గోదాములోంచి దుమ్ముతో సహా వచ్చింది. అట్ట మీద పేరు లేదు, నంబరూ రెండు పొడి అక్షరాలూ ఉన్నాయి. ఆ రెండక్షరాలు చూడగానే, వాకిట్లో సైకిలు స్టాండు వేసి "ఏమే, అన్నం తిన్నావా?" అని అడిగే గొంతు వినిపించింది. కళ్లు ఒత్తుకుని ఫైలు తెరిచింది.

నాలుగోసారి తాలూకు ఈసీజీ. ఆరేళ్ల కిందట విచారణ కమిటీ గదిలో దూరంనుంచి చూపించిన కాగితం ఇప్పుడు చేతిలో ఉంది. గీత వెంట గోరు నడిపింది. ఏడో కొట్టుకూ ఎనిమిదో కొట్టుకూ మధ్య, పడుకున్న మనిషికి దగ్గు వచ్చి ఆపుకున్నట్టు, చిన్న వణుకు.

ఆ వణుకు ఆమె పదినిమిషాల కిందటే చూసింది.

కొత్త ఫైళ్లు గబగబా తిరగేసింది. పందొమ్మిదో నంబరు పేషెంటు, అరవై రెండేళ్ల ఆడమనిషి. ముప్పై మూడో నంబరు, డెబ్బై ఒక్కేళ్ల మగమనిషి. మూడు కాగితాలూ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అద్దానికి ఆనించింది. వెలుతురు మూడింటిలోంచీ వచ్చింది. మూడు గీతలూ ఒక్క గీతయ్యాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఏడో కొట్టుకూ ఎనిమిదో కొట్టుకూ మధ్య ముగ్గురికీ ఒకే దగ్గు.

కింద రోడ్డు మీద ఎవరో ఆటోవాడితో బేరమాడుతున్నారు. ఆరేళ్లుగా గుండెలో పెట్టుకున్న కుంపటి ఇప్పుడు చేతికొచ్చినట్టుంది. కాగితాలు కాలుతున్నట్టే పట్టుకుంది. ఆ మూడూ జిరాక్సు తీయించి, కట్ట మధ్యలో కలిపి, నాలుగోసారి సంతకాలకు పంపింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాయి. మూడింటి మీదా 'ట్రూ కాపీ', కింద ఆయన వంకర సంతకం. చూడకుండా పెట్టే పాత అలవాటు పోలేదు.

నాలుగు గంటలకు ముగింపు సమావేశం, పెద్ద డాక్టరు గదిలో.

ఆయన జుట్టు నెరిసింది గానీ నవ్వు నెరవలేదు. పొద్దున్నుంచీ "మేడమ్, మేడమ్" అంటూ కాఫీలు పంపిస్తూనే ఉన్నాడు. తనను గుర్తుపట్టలేదనే ఆమె అనుకుంది. చిక్కిపోయింది, కళ్లజోడు వచ్చింది, ఇంటిపేరు మారింది. కోఆర్డినేటరు తలుపు పక్కన నిలబడింది.

"చెప్పండి మేడమ్. మా సెంటరులో పేషెంట్లెవరూ మధ్యలో మానెయ్యరు. మందు కంపెనీవాళ్లు మిగతా సెంటర్లకు మమ్మల్నే చూపిస్తారు."

ఆమె మూడు ఈసీజీలూ బల్ల మీద వరసగా పెట్టింది.

"వీళ్లు ముగ్గురు వేరువేరు మనుషులు సార్. గుండె ఒక్కటే."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు కాదు, తలుపు వైపు తిరిగాడు.

"ఏంటమ్మా ఇది?"

కోఆర్డినేటరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్, మీరే కదా సార్..."

"నేనా? రోజుకు నలభైమంది పేషెంట్లను చూసుకునేవాణ్ని నేను కాగితాలు అతికిస్తానా? నిన్ను నమ్మి వదిలేశాను." ఆడిటరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏవో ఇబ్బందులున్నాయి మేడమ్ ఈవిడకు. ఒత్తిడిలో చేసి ఉంటుంది. పేరు రాసుకోండి. రేపే పంపించేస్తాను."

నమ్మి వదిలేశాను. ఆరేళ్ల కిందట ఇదే మాట, ఇదే గొంతు, ఇదే దిగులు మొహం. అప్పుడు తలుపు పక్కన కుక్కిన పేనులా నిలబడ్డది తను. చెప్పుకోవడానికి నోరు పెగలక, కాళ్ల కింద గచ్చు గళ్లు లెక్కపెట్టుకున్నది తను.

"ఈవిడ పేరు తర్వాత రాస్తాను సార్," అంది ఆమె. "ఈ కాగితాల కింద 'చూశాను' అని సంతకం ఉంది. అది ఎవరిది?"

"నాదే. రూలు ప్రకారం పెట్టాలి కదా."

"చూసి పెట్టారా, చూడకుండా పెట్టారా?"

ఆయన మూడు కాగితాలనూ ఒక పక్కకు జరిపాడు.

"చూసి పెడితే దొంగ కాగితమని తెలిసే పెట్టినట్టు. చూడకుండా పెడితే, అరవైమంది ప్రాణాల మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టినట్టు. రెంటిలో ఏది రాయమంటారో మీరే చెప్పండి, రాస్తాను."

పెద్ద డాక్టరు కోఆర్డినేటరుకు చెయ్యి ఊపాడు, వెళ్లమన్నట్టు. తలుపు మూసుకుంది. ఆయన కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"కూర్చో, గడియారం," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"పొద్దున మెట్లెక్కేటప్పుడే గుర్తుపట్టాను. వాచీ మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు? నువ్వు రావడమే మంచిదైంది. ఇంకొకరైతే నాకు కష్టమయ్యేది." సొరుగులోంచి ఒక పాత కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నిన్ను తీసేసిన ఉత్తరం. కమిటీ నకలు. ఇందులో నువ్వు ఆ పోయినాయనకు అన్న కూతురివని కూడా ఉంది. నీ కంపెనీవాళ్లకు ఈ సంగతి చెప్పావా? ఇక్కడ పనిచేశానని, పగతో ఉన్నానని చెప్పావా?"

చెప్పలేదు. ప్రతి ఆడిట్‌కు ముందు ఒక కాగితం నింపాలి. ఈ సెంటరుతో మీకు పూర్వం సంబంధం ఉందా? ఆమె 'లేదు' అని టిక్కు పెట్టింది. అక్కడ 'ఉంది' అని పెడితే ఇంకొకరిని పంపేవాళ్లు. ఆరేళ్లు దాచుకున్న పగ ఇంకెవరి చేతికో పోయేది.

"నువ్వు రాసే రిపోర్టు చిత్తుకాగితం," అన్నాడాయన మెత్తగా. "నేనొక్క ఉత్తరం పంపితే చాలు. సంబంధం దాచిపెట్టి వచ్చిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? కాగితాలు నువ్వే తారుమారు చేశావనీ అనొచ్చు. ఒకసారి ఆ పేరు పడ్డదానివే కదా."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకు ఎక్కువ మంట పెట్టింది. కొరివితో తల గోక్కున్నది తనే.

"అయితే," అన్నాడాయన, "నేనంత చెడ్డవాణ్ని కాదు. చిన్నచిన్న లోపాలున్నాయని రాసి సంతకం పెట్టి వెళ్లు. నేనింకో ఉత్తరం రాసిస్తాను. ఆరేళ్ల కిందట జరిగినదాంట్లో ఈ నర్సు తప్పేమీ లేదు, విచారణలో పొరపాటు జరిగింది, అని. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద. తీసుకెళ్లి మీ పిన్నికి చూపించుకో."

ఆ ఉత్తరం కోసం ఏడవని రోజు లేదు. పెళ్లికి పిన్ని రాలేదు. బిడ్డ పుట్టినప్పుడు రాలేదు. మొన్నటికి మొన్న బస్సులో ఎదురుపడితే, పిన్ని తర్వాతి స్టాపులో దిగిపోయింది. నాలుగు వాక్యాల కాగితం. అది తలుపు సందులోంచి తోస్తే చాలు, పిన్ని చదువుతుంది. తలుపు తెరుస్తుంది.

"ఒక్కటి చెప్పండి సార్," అంది చివరికి. "ఈ గుండె ఎవరిది?"

ఆయన నవ్వాడు. గెలిచాననుకున్నవాడి నవ్వు.

"ఎవరిదో ఎందుకవుతుంది? నాదే. నలభయ్యో ఏట తీయించుకున్నది. ఏ లోపమూ లేదు."

అంతే. ఆమె లోపల ఊగుతున్నదేదో నిలిచిపోయింది. చిన్నాన్న గుండె ఎలా కొట్టుకుంటోందో చూడాల్సిన కాగితం మీద ఈయన తన గుండెను అంటించాడు. అది చక్కగా కొట్టుకుంటోంది కాబట్టి ఇంకా అంటిస్తూనే ఉన్నాడు.

"మీ ఉత్తరం నాకొద్దు సార్," అంది. "ఆ ఉత్తరం రాసే చెయ్యి, ఈ కాగితాలు అంటించే చెయ్యి ఒకటే. పిన్ని నమ్మినా నేను నమ్మలేను."

ఫోను తీసి, తన మేనేజరుకు కలిపి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"చెప్పు, అయిపోయిందా?" అంది మేనేజరు గొంతు.

"మేడమ్, నేను మీకు అబద్ధం చెప్పాను. ఆరేళ్ల కిందట ఈ ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. ఇదే మందు పరీక్షలో పోయిన ఒక పేషెంటు మా చిన్నాన్న. సంబంధం లేదని టిక్కు పెట్టాను. ఈ ఆడిట్ నుంచి నన్ను తీసెయ్యండి. సంబంధం లేనివాళ్లను పంపండి, ఇప్పుడే."

పెద్ద డాక్టరు ముందుకు వంగాడు. "మేడమ్, నమస్కారం. నేను డాక్టరును మాట్లాడుతున్నాను. ఈవిడ చూపించేవాటిని మీరు..."

"సార్ చెప్పేది కూడా నిజమే మేడమ్," అంది ఆమె. "నా మాట నమ్మొద్దు. నా నోట్సు చించెయ్యండి. పొద్దున్నుంచి నాలుగు కట్టలు స్కాన్ చేసి ఆఫీసుకు పంపాను. నలభై రెండు కాగితాలు. ప్రతిదాని మీదా అది అసలుకు నకలేనని ఈ డాక్టరుగారే స్వయంగా సంతకం పెట్టారు. అవి మాత్రం చూడండి. నాలుగో కట్టలో మూడు ఈసీజీలుంటాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి."

పెద్ద డాక్టరు చెయ్యి బల్ల మీద కట్ట వైపు వెళ్లి మధ్యలో ఆగిపోయింది. ఆయన మొహం ఆమె కళ్లారా చూసింది. మొదట ఆయనకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పొద్దున్నుంచీ కాఫీ తాగుతూ, ఫోను మాట్లాడుతూ, తల కూడా ఎత్తకుండా పెట్టిన నలభై రెండు సంతకాలూ ఒక్కొక్కటే ఆయనకు గుర్తొస్తున్నట్టు, పెదవులు కదిలాయి.

"మీ మాట ఎవరూ కాదనరు సార్," అంది ఆమె. "మీ సంతకమే మీ మీద సాక్ష్యం."

ఫోనులో కాగితాల చప్పుడయింది. మేనేజరు ఎవరినో పిలిచింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో మెత్తదనం లేదు.

"డాక్టరుగారూ, మా మనుషులిద్దరు పావుగంటలో వస్తారు. అప్పటిదాకా రికార్డుల గదికి తాళం వేసి సెక్యూరిటీకివ్వండి. ఒక్క ఫైలు కదిలినా మీదే బాధ్యత. ఇక నువ్వు, బ్యాగు తీసుకుని బయటికి రా. నీ ఉద్యోగం సంగతి రేపు మాట్లాడతాను. ఉంటుందని మాత్రం అనుకోకు."

"అనుకోవడం లేదు మేడమ్."

గడప దాటుతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. పొద్దుటి గొంతు కాదు. "ఏం సాధించావు? నీ బతుకు కూడా పోయింది కదా."

ఆమె ఆగింది. "నా బతుకు ఆరేళ్ల కిందటే పోయింది సార్. మీ వంతు ఇవాళ వచ్చింది."

బయట మెట్ల దగ్గర కోఆర్డినేటరు పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "నాకు ఇద్దరు పిల్లలు మేడమ్," అంది. "ఆయన చెప్పినట్టే రాశాను. చెయ్యననడానికి ధైర్యం చాల్లేదు."

తనకు కూడా ఆ రోజు ఎవరైనా ఒకరు ఏదైనా చెప్పి ఉంటే బావుండుననిపించింది ఆమెకు. బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి చేతిలో పెట్టింది. "ఏడుపు తర్వాత. ఆయన ఎప్పుడు ఏం చెయ్యమన్నాడో, తారీకుతో సహా రాయి. నువ్వు చేసింది కూడా రాయి, దాచకు. పావుగంటలో వచ్చేవాళ్లకు నీ చేత్తో నువ్వే ఇవ్వు. ఆయన నీ పేరు చెప్పకముందే నువ్వు నీ పేరు చెప్పాలి."

కోఆర్డినేటరు తలూపి, అక్కడే మెట్టు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది.

ఆడిటరు మెట్లు దిగింది. నేరుగా పిన్ని ఇంటికి వెళ్లాలనుకుంది. ఉత్తరం లేదు, ఏమీ లేదు. ఉత్త చేతులతో వెళ్లి, తలుపు బయట నిలబడే చెప్పాలి. చిన్నాన్నను చంపింది ఎవరో ఇవాళ తేలిపోయింది పిన్నీ, అని. పగ తీరితే మనిషికి ఇంత ఆకలేస్తుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

"సిస్టర్."

రెండో అంతస్తు మలుపులో, మందుల స్టోరు తలుపు సగం తెరిచి ఉంది. లోపల స్టోరు అన్నయ్య. ముప్పై ఏళ్లుగా ఆ గదిలోనే ఉన్నాడు. పరీక్ష మందు డబ్బాలు ఆయన బీరువాలోంచే వెళ్లాలి. ఆరేళ్ల కిందట అందరూ మొహం తిప్పుకున్నప్పుడు, ఆమె సామాను సంచీని గేటుదాకా మోసింది ఆయనొక్కడే.

"ఒక్క నిమిషం లోపలికి రండి," అన్నాడు. ఆమె రాగానే గడియ వేశాడు. బీరువా వెనకనుంచి, పాత దినపత్రికలో చుట్టిన పొడుగాటి రిజిస్టరు తీశాడు. "పైన జరిగింది సెక్యూరిటీవాడు చెప్పాడు. ఇంకో ఇద్దరు వస్తున్నారట కదా. వాళ్లు ఇది అడుగుతారు. అడిగేలోపు మీకు చూపించాలి."

"ఏంటన్నయ్యా అది?"

"డబ్బాలు ఎవరెవరికి ఇచ్చామో రాసుకునే పుస్తకం. పాత పరీక్షది. ఇది పోయిందని చెప్పి ఇన్నాళ్లూ దాచాను."

ఆమెకు ఆ పుస్తకం గుర్తే. ఆ పరీక్షలో ఎవరికి అసలు మందు పడుతోందో, ఎవరికి ఏమీ లేని ఉత్తి గుళిక పడుతోందో డాక్టరుకూ తెలియదు, నర్సుకూ తెలియదు. కంప్యూటరు ఒక నంబరు చెబుతుంది. ఆ నంబరున్న డబ్బా తీసి పేషెంటుకు ఇవ్వడమే నర్సు పని. ఇచ్చి, ఇందులో రాసి, సంతకం పెట్టాలి.

ఆయన పేజీ తెరిచి వేలు పెట్టాడు. నాలుగోసారి, చిన్నాన్న వరస. కంప్యూటరు చెప్పిన డబ్బా 2136. పక్క గడిలో, ఇచ్చిన డబ్బా 2163. దాని పక్కన సంతకం.

ఆమె వంగి చూసింది. దొంగ రాతలు పట్టుకోవడమే ఇప్పుడు ఆమె వృత్తి. పెన్ను ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో చూసి చెప్పగలదు. ఇందులో ఎక్కడా తడబాటు లేదు. చివరి అక్షరం తోకను పైకి లాగి, కింద చిన్న చుక్క పెట్టింది ఆమె చెయ్యే.

"పరీక్ష అయిపోయాక, ఏ డబ్బాలో ఏముందో చెప్పే కోడ్ విప్పారు," అన్నాడు స్టోరు అన్నయ్య, ఆమె వైపు చూడకుండా. "లిస్టు నాకూ వచ్చింది. 2136లో ఉత్తి గుళికలు. 2163లో అసలు మందు, అన్నిటికన్నా పెద్ద మోతాదు. మీరు చెయ్యని తప్పుకు మిమ్మల్ని పంపేశారు. చేసిన తప్పు నాకు తప్ప ఎవరికీ తెలీదు."

మిషను పాడైందని విసుక్కుంటూ, వరండాలో పేషెంట్లు అరుస్తుంటే, బీరువా ముందు నిలబడి గబగబా డబ్బా అందుకున్న ఆ మధ్యాహ్నం, ఆమెలో ఎక్కడో అట్టడుగునుంచి పైకి తేలుతోంది.

బయట లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో ఇద్దరు, రికార్డుల గది ఏ అంతస్తులో అని అడుగుతున్నారు.

స్టోరు అన్నయ్య రిజిస్టరు మూసి, రెండు చేతులతో ఆమె ముందుకు చాపాడు.

"మీరు చెప్పండి సిస్టర్. ఇది వాళ్లకివ్వమంటారా, మళ్లీ బీరువా వెనక పెట్టెయ్యమంటారా?"